సూర్యాపేట దగ్గర మా కారు చూసిపెట్టిన అన్నకు

అన్నా, మీ పేరు అడిగేలోపే మీరు లారీ ఎక్కి వెళ్లిపోయారు. అందుకే ఈ నాలుగు మాటలు ఇక్కడ రాస్తున్నాను.

సెంట్రల్ లాకింగ్ రిపేరు చేయించినప్పటి నుంచి మా కారులో లోపలి లైటు ఆరేది కాదు. తలుపులన్నీ వేసినా వెలుగుతూనే ఉండేది. తెల్లారేసరికి బ్యాటరీ డౌన్. రిపేరు చేసినవాళ్లు బ్యాటరీ పాతబడిందన్నారు, కొత్తది వేయించుకోమన్నారు.

హైవే పక్కన టీ తాగుతూ మీరు ఆ లైటు చూసి, అడక్కుండానే లేచి వచ్చారు. చాలా కార్లలో డోర్ స్విచ్ లైటు వైరును బాడీకి, అంటే ఎర్త్‌కి కలుపుతుందని, తలుపు తీస్తే వెలిగేది అందుకేనని చెప్పారు. ఒక్కో స్విచ్ ఊడదీసి, వైరు పీకి చూశారు. అయినా ఆరలేదు. "అయితే స్విచ్‌లు మంచివే, మధ్యలో ఎక్కడో వైరు బాడీకి తగులుతోంది" అన్నారు. నాకైతే అక్కడే సగం టెన్షన్ పోయింది.

కొత్తగా విప్పి బిగించిన చోటే ముందు చూడాలంటూ డ్రైవరు వైపు గడప ప్లాస్టిక్ తీశారు. స్క్రూ సరిగ్గా వైరులో దిగి ఉంది! వైరుకు టేపు చుట్టి, స్క్రూకు తగలకుండా పక్కకు జరిపారు. డబ్బులిస్తే టీ చాలన్నారు. ఆ టీ డబ్బులూ మీరే ఇచ్చేశారని తర్వాత కొట్టాయన చెప్పాడు.

పాత బ్యాటరీయే ఇప్పటికీ నడుస్తోంది. చాలా థాంక్స్ అన్నా.