మా ఇంట్లో నెట్ దొంగ

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకోకు. నెల రోజులుగా మా ఇంట్లో నెట్‌తో కుస్తీ పడుతున్నాను. మీటింగ్‌లో నేను నోరు తెరిచేసరికి బొమ్మలా బిగుసుకుపోవడం, అవతలివాళ్ళు "హలో, హలో" అనడం! కనెక్షన్ కుర్రాడు రెండుసార్లు వచ్చాడు. వాడున్నంతసేపూ నెట్ బుద్ధిగా పనిచేసింది. వాడు నన్ను చూసిన చూపు నీకు చెప్పలేను.

మొదట పింగ్ (బయటి కంప్యూటర్‌ని పదేపదే పలకరించి జవాబొస్తోందా అని చూసే కమాండ్) పెట్టి వదిలేశాను. ఆగిందని తెలుస్తోంది గానీ, తెగింది నా వైరా, వీధిలో ఫైబరా అన్నది చెప్పదుగా. అప్పుడు లైనక్స్‌లో "ఐపీ -టీ మానిటర్ లింక్" అనే కమాండ్ గుర్తొచ్చింది. కొట్టి ఎంటర్ నొక్కితే ఏమీ రాదు, పాడైందేమో అనుకుంటావు. నిజానికి అది చెవొగ్గి వింటూ ఉంటుంది. మనం క్షణానికోసారి వెళ్ళి అడగక్కర్లేదు. ఏదైనా మారగానే కెర్నలే, అంటే లైనక్స్ గుండెకాయే, నెట్‌లింక్ అనే లోపలి దారిలో కబురు పెడుతుంది. -టీ పెడితే అది ఎప్పుడు మారిందో ఆ టైమ్ కూడా రాస్తుంది. లింక్ అంటే కనెక్షన్ అతుక్కుందా ఊడిందా అని. దాని బదులు అడ్రస్ అంటే ఐపీ (నెట్‌లో మన మెషీన్ నంబరు) వచ్చిందా పోయిందా, రూట్ అంటే దారి మారిందా అని చూపిస్తుంది. నాకు లింక్ చాలు. ఫైల్లోకి మళ్ళించి పడుకున్నాను.

మర్నాడు సాయంత్రం తెరిచి చూశాను. పొద్దున 6:10కి నో-క్యారియర్, రెండు సెకన్లకి లోయర్-అప్, అంటే మళ్ళీ అతుక్కుంది. మళ్ళీ 11:05కి, మళ్ళీ 4:20కి. నో-క్యారియర్ అంటే నా లాన్ పోర్టుకి, అదే కంప్యూటర్‌లో నెట్ వైరు గుచ్చే చోటికి, సిగ్నలే అందడం లేదని. ఫైబర్ దాకా పోనక్కర్లేదు, తప్పు గదిలోనే ఉంది. స్లాష్ సిస్ అనే లైనక్స్ ఫోల్డర్‌లో క్యారియర్-ఛేంజెస్ అని, కనెక్షన్ ఎన్నిసార్లు ఊడి అతుక్కుందో చెప్పే ఒక లెక్క ఉంటుంది, అదీ చూశాను. ముందురోజు రాత్రి 8గా ఉన్న ఆ లెక్క 14 అయింది. మూడుసార్లు ఊడింది, మూడుసార్లు అతుక్కుంది.

ఇక టైములు పట్టుకుని ఆలోచిస్తే, 6:10కి అమ్మ తలుపు వెనక చీపురు తీస్తుంది. 11:05కి, 4:20కి కాఫీ తెస్తుంది! వైరు ఆ తలుపు వెనకనుంచే వస్తుంది. ప్లగ్ మీద ఉండే చిన్న ప్లాస్టిక్ నాలుక విరిగిపోయింది, తలుపు తగిలినప్పుడల్లా కదులుతోంది. కుర్రాడు వచ్చినప్పుడేమో తలుపు బార్లా తీసే ఉంచాం.

మీ ఇంట్లో వైఫై కదా, నువ్వైతే "ఎన్ఎంసీఎల్ఐ మానిటర్" అనే కమాండ్ కొట్టి చూడు. కనెక్టింగ్, డిస్‌కనెక్టెడ్ అని మామూలు మాటల్లోనే చెబుతుంది.

కొత్త వైరు వేశాను. అమ్మకి మాత్రం చెప్పలేదు, చెబితే కాఫీ ఆగిపోతుంది.

నీ
రాంబాబు