పెళ్లికూతురు కటకటాల వెనక ఎందుకుంది టీచర్?

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవుల్లో మా బడి ప్రహరీ మీద, గేటు పక్కనే, బాల్యవివాహాల గురించి పెద్ద బొమ్మ వేయించారు. పైన ఎర్ర అక్షరాల్లో 'బాల్యవివాహం నేరం'. కింద బాసికం కట్టిన పిల్ల, బుగ్గల మీద ఇంతేసి కన్నీటి బొట్లు, మొహానికి అడ్డంగా ఇనుప ఊచలు. పక్కన లాఠీ పట్టుకున్న పోలీసు. బడి తెరిచిన వారానికి ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగింది: "పెళ్లి చేస్తే అమ్మాయినే జైల్లో పెడతారా టీచర్?"

అప్పుడు వెళ్లి ఆ బొమ్మను మళ్లీ చూశాను. బతుకు జైలైపోతుందని చెప్పాలనుకున్నారు. పిల్లలకేమో పోలీసులు పట్టుకెళ్తారన్నట్టు కనబడింది. 2006 నాటి చట్టంలో శిక్షలు ఆ పెళ్లి జరిపించినవాళ్లకీ, మైనరు పిల్లను చేసుకున్న పెద్దవాడికీ. పెళ్లికూతురికి కాదు. తనకు సంబంధం చూస్తున్నారని ఎవరికైనా చెప్పుకోవాల్సిన పిల్ల ఈ బొమ్మ చూశాక నోరు విప్పుతుందా?

వేసిన పెయింటరు మా ఊరివాడే. ఎన్నికలప్పుడు పార్టీ గుర్తులు, మిగతా రోజుల్లో షాపుల బోర్డులు రాస్తాడు. మంచి చెయ్యి. అడిగితే, "వాట్సాప్‌లో ఫొటో పంపారు మేడమ్. చదరపు అడుగు లెక్కన డబ్బులిచ్చారు. నేను ఆలోచించేదేముంది?" అన్నాడు. నిజమే, ఆలోచనకి ఎవరూ లెక్క కట్టలేదు.

బొమ్మతో మంచి చెప్పే ఈ పని బాగా చేసి చూపించినవాళ్లు మన దేశంలోనే ఉన్నారు కాబట్టే ఈ ఉత్తరం. సార్క్ కూటమిలోని దక్షిణాసియా దేశాలు 1991 నుంచి 2000 దాకా బాలికల దశాబ్దంగా ప్రకటించుకున్న రోజుల్లో ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ యునిసెఫ్ 'మీనా' అనే కార్టూన్ పిల్లను తయారు చేయించింది. ఆమెకు రూపమిచ్చినవారు రామ్ మోహన్. 1956లో కేంద్ర ప్రభుత్వ సినిమా సంస్థ ఫిల్మ్స్ డివిజన్ కార్టూన్ విభాగంలో చేరి, మన దేశంలో యానిమేషన్‌కి పెద్దదిక్కు అనిపించుకున్న చిత్రకారుడు. 2014లో పద్మశ్రీ వచ్చింది, 2019లో పోయారు. మీనా బొమ్మను ఆఫీసులో కూర్చుని ఖాయం చేసెయ్యలేదు. గీసిన బొమ్మల్ని భారత్, బంగ్లాదేశ్, నేపాల్, పాకిస్థాన్‌లలో జనం ముందు పెట్టి, వాళ్లేమంటారో విని, దిద్దుకుంటూ వచ్చారు. అందుకే ఆ పావడా, ఆ చున్నీ, భుజం మీద వాలే ఆ మిట్టూ చిలక ఎక్కడి పిల్లకైనా తన వీధిలోవే అనిపిస్తాయి.

మామిడిపండు కథ చూడండి. చెట్టెక్కి పండు కోసింది మీనా. పంచేటప్పుడు పెద్ద ముక్క తమ్ముడు రాజుకి. మగపిల్లాడు కదా! తర్వాత ఒక రోజుకి అక్కాతమ్ముళ్లు పనులు మార్చుకుంటారు. మీనా పొద్దుట్నించి ఎంత చాకిరీ చేస్తుందో, అంత చాకిరీకి ఆమెకు పెట్టే తిండి ఎంతో రాజు ఒంటికి తెలిసొస్తుంది. అంతే కథ. అందులో పోలీసు లేడు, దుర్మార్గుడు లేడు. ఆ తల్లి కూడా చెడ్డది కాదు. మనందరి ఇళ్లల్లోలాగే అలవాటుగా పెట్టేస్తుంది. తిట్టు తినకుండా తప్పు తెలుసుకునే వీలు ఆ బొమ్మల్లో ఉంది. ముప్పై ఏళ్ల తర్వాత కూడా నేను దాన్ని వాడుకుంటున్నది అందుకే.

క్లాసులో టీవీ మీద వేశాను. రాజు పని చేయలేక ఆపసోపాలు పడుతుంటే మగపిల్లలే ఎక్కువ నవ్వారు. అయ్యాక ఒకడు లేచి, "మా ఇంట్లో నీళ్లు నేనే మోస్తా టీచర్" అన్నాడు. అదే ఇంటి నుంచి వచ్చే వాడి బాబాయి కూతురు వెనక బెంచీలోంచి, "ఎప్పుడ్రా? ట్యాంకరు వచ్చిన రోజు రెండు బిందెలు!" అంది. ఇంక ఆగలేదు. పక్క గదిలోంచి లెక్కల మాస్టారు వచ్చి నన్నే మందలించి వెళ్లారు. ఆ గోడ బొమ్మ దగ్గర మాత్రం ఎవరూ వాదించుకోగా నేను చూడలేదు. తలొంచుకుని దాటిపోతారు.

నా వయసువాళ్లకి ఎర్ర త్రికోణం గుర్తుండే ఉంటుంది. 1960లలో దీప్ త్యాగి అనే అధికారి కుటుంబ నియంత్రణ ప్రచారానికి పెట్టిన గుర్తు. తలకిందులుగా నిలబెట్టిన ఒక త్రికోణం, దాంతోపాటు అమ్మా నాన్నా ఇద్దరు పిల్లల నవ్వుమొహాలు. అక్షరం రానివాళ్లకీ అర్థమైంది. ఎమర్జెన్సీలో బలవంతపు ఆపరేషన్లు మొదలయ్యాక అదే బొమ్మ చాలా ఊళ్లలో భయం పుట్టించింది. బొమ్మ మారలేదు, దాని వెనక వచ్చిన మనుషుల తీరు మారింది. అలాంటిది, బొమ్మలోనే లాఠీ పెట్టేస్తే?

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ మధ్య సర్కారు బడుల గోడలకి బాగానే ఖర్చు పెట్టారు. రంగులు బాగున్నాయి, కాదనను. వేయించే అధికారులను కోరేదొక్కటే. ఏ బొమ్మయినా గోడెక్కే ముందు కాగితం మీద గీయించి, ఏ బడి గోడకైతే వేస్తారో ఆ బడి పిల్లలకి చూపించండి. 'ఇందులో ఏం జరుగుతోంది?' అని అడిగి ఊరుకోండి. వాళ్లు చెప్పింది, మీరు చెప్పాలనుకున్నది ఒకటి కాకపోతే మళ్లీ గీయించండి. గీసే మనిషికి ఆ రెండో బొమ్మకీ కూలి ఇవ్వండి. మా పెయింటరు సిద్ధంగానే ఉన్నాడు. పిల్లలు నవ్వే బొమ్మ వేయాలంటే తనకీ సరదానే అన్నాడు.

ఇంకొక్క సంగతి. ఆ బొమ్మలో పిల్లలకి నిజంగా పనికొచ్చేది ఆపదలో ఉన్న పిల్లలు ఫోన్ చేసే చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098. అది కుడి వైపు అడుగున, మంచినీళ్ల ట్యాంకు వెనక పడింది. కొత్త బొమ్మ ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి, ఈలోగా ఆ నాలుగంకెల్ని గేటుకి ఇటువైపు పెద్దగా రాయించమని మనవి. రంగు డబ్బులు నేనిస్తాను.

— ఒక ప్రభుత్వ ఉపాధ్యాయురాలు,
ప్రకాశం జిల్లా