యూకే పే స్లిప్‌లో పెన్షన్ కటింగ్ ఆపించమని పిల్లలకు చెప్పకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో విదేశీ చదువుల పేజీ వదలకుండా చదువుతాను. వీసా రూల్స్, ఐఈఎల్‌టీఎస్, ఏ యూనివర్సిటీకి ఎంత ఫీజు అన్నీ వివరంగా ఇస్తారు. అక్కడ ఉద్యోగం వచ్చాక చేతికొచ్చే పే స్లిప్ ఎలా చదవాలో మాత్రం ఎవరూ రాయరు. మన గుంటూరు, బెజవాడ పిల్లలు అక్కడ చాలామందే ఉన్నారు, వాళ్లకు సలహాలు ఇక్కడి నుంచి, మన ఫోన్లలోనే వెళ్తాయి. "పెన్షన్ పేరు చెప్పి జీతంలో కట్ చేస్తున్నారా, ఆపించెయ్, ఆ డబ్బు ఇటు పంపు, మంగళగిరి దగ్గర స్థలం చూశాం" అని చెప్పే తల్లిదండ్రులు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు. ఆ సలహా వల్ల పిల్లలు ఎంత నష్టపోతారో చెప్పాలనే ఈ ఉత్తరం.

మన ఇళ్లలో ఆ మాట ఎందుకు వస్తుందో కూడా తెలుసు. నేను ట్రెజరీలో పనిచేసి రిటైరయ్యాను. 2004 సెప్టెంబరు నుంచి ప్రభుత్వ ఉద్యోగంలో చేరినవాళ్లకు సీపీఎస్ అనే పెన్షన్ పథకం వచ్చింది, అప్పటి నుంచి జీతంలో 10 శాతం పోవడం, దాని మీద ధర్నాలు, ర్యాలీలు చూస్తూ పెరిగిన పిల్లలు వీళ్లు. పెన్షన్ కటింగ్ అంటేనే పోయిన డబ్బు అన్న భయం ఇంట్లో పడిపోయింది. బ్రిటన్‌లో లెక్క వేరు, అందులోనూ 40 శాతం పన్ను శ్లాబులోకి వెళ్లినవాళ్లకు పూర్తిగా వేరు.

అక్కడ ఏడాదికి 12,570 పౌండ్ల వరకు పన్ను లేదు. ఆ పైన 50,270 దాకా 20 శాతం, అది దాటితే 1,25,140 దాకా ప్రతి పౌండు మీదా 40 శాతం, ఆ పైన 45. స్కాట్లండ్‌లో శ్లాబులు వేరు, అక్కడివాళ్ల పే స్లిప్‌లో ట్యాక్స్ కోడ్ ముందు ఎస్ ఉంటుంది. దీనికి తోడు నేషనల్ ఇన్సూరెన్స్ అని ఇంకో కటింగ్ ఉంది, 12,570 నుంచి 50,270 దాకా 8 శాతం, పైన 2 శాతం. ఇప్పుడు ఏడాదికి 60,000 పౌండ్లు జీతం ఉన్న అమ్మాయిని తీసుకోండి. శాలరీ శాక్రిఫైస్ అనే పద్ధతిలో నెలకు 500 పౌండ్ల జీతం వదులుకుంటే కంపెనీ ఆ 500 నేరుగా ఆమె పెన్షన్ ఖాతాలో వేస్తుంది. అది జీతమే కాదు కాబట్టి దాని మీద 40 శాతం పన్నూ లేదు, 2 శాతం ఇన్సూరెన్సూ లేదు. చేతికొచ్చేది తగ్గేది 290 పౌండ్లు మాత్రమే. అంటే ఆపించి ఇంటికి పంపిస్తే మన చేతికి వచ్చేది 500 కాదు, ఆ 290. మిగతా 210 అక్కడి ప్రభుత్వానికి కట్టేసినట్టే. పైగా కంపెనీ వాటా ఉంటుంది, చట్టప్రకారమే కనీసం 3 శాతం వెయ్యాలి, మనం బయటికొచ్చేస్తే అదీ రాదు. కొన్ని కంపెనీలు ఆ వదులుకున్న జీతం మీద తమ వంతుగా కట్టక్కర్లేక మిగిలిన 15 శాతం ఇన్సూరెన్స్‌లోనూ కొంత కలిపి వేస్తాయి.

లక్ష పౌండ్లు దాటినవాళ్లకైతే ఇంకా ఎక్కువ మిగులుతుంది. లక్ష దాటాక ప్రతి 2 పౌండ్లకు ఆ పన్ను లేని మొత్తంలో 1 పౌండు కోసేస్తారు, అందుకే 1,25,140 వరకు అసలు దెబ్బ ఇన్సూరెన్స్‌తో కలిపి 62 శాతం. 1,10,000 జీతం ఉన్నవాళ్లు 10,000 పెన్షన్‌లో వేస్తే చేతిలో తగ్గేది 3,800. బోనస్‌ను ఇలా పెన్షన్ కోసం వదులుకోవాలన్నా అది రాకముందే కంపెనీతో ఒప్పుకోవాలి, వచ్చాక కుదరదు.

కొన్ని కంపెనీల్లో శాలరీ శాక్రిఫైస్ ఉండదు. పన్ను కోసిన జీతంలోంచి 80 తీసుకుంటే పెన్షన్ సంస్థ 20 కలిపి 100 చేస్తుంది. 40 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు ఇంకో 20 రావాలి, అది దానంతట అది రాదు, హెచ్‌ఎంఆర్‌సీకి అంటే అక్కడి పన్నుల శాఖకు మనమే క్లెయిమ్ పెట్టాలి. ఇది తెలియక వదిలేసుకున్నవాళ్లు వెనకటి నాలుగు పన్ను సంవత్సరాల వరకు అడగొచ్చు. పిల్లలు ముందు హెచ్‌ఆర్‌ని అడగాల్సింది ఇదే: మన కంపెనీది ఏ పద్ధతి అని.

ఇక ట్యాక్స్ కోడ్, అంటే ఎంత పన్ను కోయాలో కంపెనీకి చెప్పే గుర్తు. మన దగ్గర పాన్ ఇవ్వకపోతే టీడీఎస్ ఎక్కువ కోస్తారు కదా, అక్కడ కోడ్ తప్పుగా పడితే అదే జరుగుతుంది. మామూలుగా ఉండాల్సింది 1257ఎల్, అంటే 12,570 వరకు పన్ను లేదని. కొత్తగా చేరినప్పుడు ఇచ్చే స్టార్టర్ చెక్‌లిస్ట్ అనే ఫారం నింపకపోతే 0టీ వేస్తారు, పన్ను లేని మొత్తం సున్నా అయిపోతుంది. 60,000 జీతానికి దీనివల్ల నెలకు 419 పౌండ్లు ఎక్కువ పోతాయి, మన డబ్బుల్లో ఎంతో మీరే లెక్కేసుకోండి. బీఆర్ అని ఉంటే మొత్తం జీతం మీద 20 శాతం, డీ0 అయితే మొత్తం మీద 40. చదువుకుంటూ చేసిన పార్ట్‌టైమ్ ఉద్యోగం ఇంకా రికార్డులో ఉండిపోతే అసలు ఉద్యోగానికి బీఆర్ పడే అవకాశం ఉంది. కోడ్ చివర ఎం1 గానీ డబ్ల్యూ1 గానీ ఎక్స్ గానీ ఉంటే ఏ నెలకానెలే లెక్క, గడిచిన నెలల్లో వాడుకోని మినహాయింపు కలపరు. అక్కడ పన్ను సంవత్సరం ఏప్రిల్ 6న మొదలవుతుంది, జనవరిలో మొదటి ఉద్యోగంలో చేరిన పిల్లాడికి కోడ్ సరిగ్గా ఉంటే పది నెలల మినహాయింపు, అంటే 10,475 పౌండ్లు, ఒకేసారి వాడుకోవచ్చు. హెచ్‌ఎంఆర్‌సీ యాప్‌లో చూసి కోడ్ సరిచేయమని అడిగితే ఎక్కువ పోయింది జీతంలోనే తిరిగి వస్తుంది.

ఇబ్బందులు లేవని అనను. ఆ డబ్బు ఇప్పుడు 55 ఏళ్లకు, 2028 ఏప్రిల్ 6 నుంచి 57 ఏళ్లకు గానీ తీసుకోలేరు. తీసుకునేటప్పుడు నాలుగో వంతుకు పన్ను లేదు, మిగతాదానికి ఉంటుంది. జీతం కాగితం మీద తగ్గుతుంది కాబట్టి ప్రసూతి సెలవులో వచ్చే డబ్బు తగ్గవచ్చు, ఇంటి లోన్ ఇచ్చేవాళ్లు తక్కువ ఇవ్వొచ్చు. ఎడ్యుకేషన్ లోన్ వడ్డీ మెడ మీద ఉన్నవాళ్లు కంపెనీ వాటా పూర్తిగా వచ్చేంతవరకే వేసి మిగతాది లోన్‌కు కట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. మొత్తంగా ఆపించడం మాత్రం వద్దు. ఇప్పటికే ఆపించినవాళ్లు మళ్లీ చేరతామని కంపెనీకి రాయొచ్చు.

ఈ మధ్య ఇంకో టెన్షన్ మొదలైంది, శాలరీ శాక్రిఫైస్ తీసేస్తున్నారట అని. 2025 నవంబరు బడ్జెట్‌లో అక్కడి ఆర్థిక మంత్రి రేచెల్ రీవ్స్ ప్రకటించింది వేరు. 2029 ఏప్రిల్ నుంచి ఏడాదికి 2,000 పౌండ్లు దాటిన శాక్రిఫైస్ మీద నేషనల్ ఇన్సూరెన్స్ మాత్రమే పడుతుంది, ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు అలాగే ఉంటుంది. 50,270 పైన సంపాదించేవాళ్లకు ఆ పైభాగం మీద పోయేది 2 శాతం, మిగిలేది 40 శాతం. అసలు దెబ్బ 8 శాతం కట్టే చిన్న జీతాలవాళ్ల మీద.

మీ పేజీలో ఒక నమూనా పే స్లిప్ వేసి, ఏ గడిలో ఏముంటుందో గుర్తులు పెట్టి అచ్చు వెయ్యండి. ఏప్రిల్‌లో కొత్త కోడ్‌లు వచ్చేలోపు వేస్తే పిల్లలు అది పక్కన పెట్టుకుని సరిచూసుకుంటారు, పెద్దవాళ్లం మనమూ ఫోన్ చేసే ముందు ఒకసారి చదువుకుంటాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ట్రెజరీ ఉద్యోగిని,
బ్రాడీపేట, గుంటూరు