ఆ చైర్‌ని పాత ఇనుము కింద ఇవ్వకు తల్లీ

అవనిగడ్డ,
20 సెప్టెంబర్ 2024

చి.ల.సౌ. శిరీషను నాన్న దీవించి రాయునది.

"చైరూ కంప్రెసరూ పాత ఇనుము వాడికి ఇచ్చేస్తాను నాన్నా, చూస్తుంటే ఏడుపొస్తోంది" అని విజయవాడ వరదలో మునిగిన నీ పళ్ల క్లినిక్ సామాను గురించి నిన్న ఫోన్‌లో అన్నావు. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఫోన్‌లో నేనేం చెప్పినా "సరే నాన్నా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద పెట్టి మన వీధి అబ్బాయి చేత పంపుతున్నాను. బ్యాంకులో 36 ఏళ్లు చేసినవాడిగా కూడా నీకు చెప్పాల్సినవి ఉన్నాయి.

ముందు ఆ చైర్ సంగతి. నువ్వు ఎక్విప్‌మెంట్ లోన్ తీసుకున్నప్పుడు బ్యాంకు వాళ్లు ఇన్సూరెన్స్ చేయించి, ప్రీమియం నీ ఖాతాలోంచే కోసుకుని ఉండాలి. మా బ్రాంచిలో ఎన్నోసార్లు చూశాను, తమ పేరున పాలసీ ఉందనే సంగతి అప్పు తీసుకున్నవాళ్లకే తెలిసేది కాదు. లోన్ స్టేట్‌మెంట్ మొదటి నుంచి తీయించి, ఏటా ఒకసారి ప్రీమియం కోత ఉందేమో చూడు. ఉంటే పాలసీ కాపీ అడుగు. అందులో వరద ముంపు ఉందా, క్లినిక్ అడ్రస్ సింగ్ నగర్‌దేనా, ఈ రెండూ ముఖ్యం. చిన్న వ్యాపారాలకు 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీలో వరద నష్టం కూడా కలిసే ఉంటుంది. ఆలస్యమైందని వెనకాడకు, వెంటనే ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజెయ్యి.

నష్టం లెక్కగట్టే ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి చూసేదాకా పాడైన సామాను ఏదీ గడప దాటకూడదు. చైర్, కంప్రెసర్, ఆటోక్లేవ్, సక్షన్, ఎక్స్‌రే, హ్యాండ్‌పీస్‌లు, అన్నిటికీ సీరియల్ నంబరు కనపడేలా ఫొటోలు తియ్యి. గోడ మీద నీళ్లు నిలిచిన గీత ఉంటే దానికి సున్నం వేయించకు. ఇంకో మాట. కడిగి తుడిచాక మీ చైర్ పైకి బాగానే కనిపిస్తుంది. మోటారూ వాల్వులూ వైర్లూ అడుగున ఉంటాయని, మోకాలి లోతు నీళ్లొస్తే చాలు అది పనికిరాకుండా పోతుందని సర్వేయర్‌కి తెలియకపోవచ్చు. అందుకని చైర్ కంపెనీ ఇంజనీరు చేత రిపోర్టు రాయించి దగ్గర పెట్టుకో.

ఇక, "డాక్టర్‌ని అయ్యుండి వరద సాయానికి పేరు రాయించుకోవడమేంటి" అని అల్లుడుగారితో అన్నావట. అమ్మా, ఆ మాట విని నాకు మీ తాతయ్య గుర్తొచ్చారు.

1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చినప్పుడు నాకు 21 ఏళ్లు. ఈ దివిసీమలో వేలమంది పోయారు. మన బట్టల కొట్టు గోడలతో సహా కొట్టుకుపోయింది. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లతో తాతయ్య "ప్రాణాలు పోయినవాళ్లకు ఇవ్వండి, మేం బతికే ఉన్నాం" అన్నారు. ఆయన మంచితనం నాకిప్పటికీ గౌరవమే. కానీ ఆ తర్వాత కొట్టు నిలబెట్టడానికి బయట మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. అది తీర్చడానికి మాకు తొమ్మిదేళ్లు పట్టింది. నా ఎం.కాం. మధ్యలోనే ఆగింది. మా అమ్మమ్మ ఇచ్చిన గాజులు మీ నానమ్మ మళ్లీ తొడుక్కోలేదు.

అందుకే చెబుతున్నాను, మీ వీధిలో ఎవరో రెండు రూపాయలకు ఇస్తానన్నారని తీసుకోకు. అది సంవత్సరానికి 24 శాతం. బుడమేరు వాగు గండ్లు నువ్వు కొట్టినవి కావు. సెప్టెంబర్ 1న కిరాణా కొట్టు మునిగినట్టే నీ క్లినిక్కూ మునిగింది. చిన్న వ్యాపార సంస్థలకు టర్నోవర్ 40 లక్షల లోపైతే 50 వేలు ఇస్తామని ముఖ్యమంత్రి ప్రకటించారు. నీకు చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందిగా, ఆ సర్టిఫికెట్ పట్టుకుని వార్డు సచివాలయానికి వెళ్లి, నీ పేరు జాబితాలో ఉందో లేదో చూడు. లేకపోతే అక్కడే అర్జీ ఇచ్చి రసీదు తీసుకో. ఆ డబ్బుతో చైర్ రాదు, ఒక కంప్రెసర్ అయినా వస్తుంది.

అప్పు వాయిదా సంగతి కూడా ఆలస్యం చేయకు. విపత్తు ప్రాంతాల్లో అప్పుల గడువు మార్చి, కొంతకాలం వాయిదాలు ఆపే వీలు రిజర్వ్ బ్యాంకు నిబంధనల్లోనే ఉంది. ఆగస్టు దాకా నువ్వు ఒక్క వాయిదా తప్పలేదు, అదే నీ బలం. అక్టోబర్ వాయిదా బౌన్స్ కాకముందే అర్జీ ఇవ్వాలి, తర్వాత ఇస్తే మాట బరువు తగ్గుతుంది. పని మళ్లీ మొదలుపెట్టడానికి కొత్త లోన్ కూడా అదే అర్జీలో అడుగు.

ఫ్లోరిడాలో డెంటిస్టుగా ఉన్న మీ పెద్దనాన్న కూతురు మొన్న ఫోన్ చేసింది. తుపానులో క్లినిక్ దెబ్బతింటే అక్కడి అమెరికన్ డెంటల్ అసోసియేషన్ ఫౌండేషన్ అత్యవసర గ్రాంటు ఇస్తుందట. ప్రభుత్వం తక్కువ వడ్డీకి విపత్తు రుణం ఇస్తుందట. అడగడానికి అక్కడ ఎవరూ మొహమాటపడరని చెప్పింది. విజయవాడలో మునిగిన డెంటిస్టువి నువ్వొక్కదానివే కాదుగా. మిగతావాళ్లతో కలిసి మీ అసోసియేషన్‌ని అడగండి, పాత చైర్లున్న సీనియర్లనూ అడగండి. మీ కాలేజీ స్నేహితురాలు సాయంత్రాలు తన క్లినిక్‌లో పేషెంట్లను చూసుకోమందిగా, వెళ్లు. రూట్ కెనాల్ సగంలో ఆగిన వాళ్లు నీ కోసమే ఎదురుచూస్తూ ఉంటారు.

సోమవారం పొద్దున మొదటి బస్సుకి వస్తున్నాను. లోన్ కాగితాలు తడిసిపోయినా పారేయకు, నీడలో ఆరబెట్టి ఉంచు. ఇద్దరం కలిసి బ్యాంకుకి వెళ్దాం. అమ్మ గోంగూర పచ్చడి చేసి పంపుతోంది.

మీ నాన్న