అప్‌డేట్ కొట్టాలి, కానీ కరెంటు చూసి కొట్టాలి

సంపాదకులకు నమస్కారం.

వైఫై కెమెరాకు ఫర్మ్‌వేర్ (కెమెరాను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ కొడితే కెమెరా చచ్చిపోతుందని, యాప్ ఎన్నిసార్లు అడిగినా దాని జోలికి పోవద్దని నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఒక మాట బాగా పాకింది. అమ్మే మడిగెల్లో కూడా ఇదే చెప్తున్నారు. కెమెరాలు బిగించి, బాగుచేసేవాళ్లుగా మేం ఈ సలహాను ఒప్పుకోలేం. అప్‌డేట్ మధ్యలో ఆగిపోయి మా దగ్గరికి వచ్చే కెమెరాల్లో ఎక్కువ వాటికి కంపెనీ ఫైలు వల్ల చెడు జరగలేదు. ఆ రెండు మూడు నిమిషాలు కెమెరాకు అందాల్సిన కరెంటు అందక చెడిపోయాయి.

కెమెరా భద్రతను పట్టించుకోకపోతే ఏమవుతుందో 2016లోనే లోకమంతా చూసింది. ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని ఐపీ (ఇంటర్నెట్) కెమెరాలను, డీవీఆర్‌లను (వీడియో రికార్డు చేసే డబ్బాలను) మిరాయ్ అనే మాల్‌వేర్ లక్షల్లో చేజిక్కించుకుంది. ఆ అక్టోబరులో వాటితోనే దాడి చేసి అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను గంటల తరబడి పడగొట్టారు. పాస్‌వర్డు మార్చడం ఒక ఎత్తు, కానీ ఫర్మ్‌వేర్‌లోనే కంత (హ్యాకర్లు దూరే లోపం) ఉందని బయటపడ్డాక దాన్ని పూడ్చేది అప్‌డేట్ ఒక్కటే. హాల్లో ముసలి తల్లిదండ్రులను, గేటు దగ్గర ఆడపిల్లలను చూసే కెమెరాకు ఆ కంత పూడ్చకుండా వదిలేయమనడం న్యాయం కాదు.

లోపల జరిగేది తెలిస్తే భయం సగం పోతుంది. బోర్డు మీద ఎనిమిది కాళ్ల చిన్న ఫ్లాష్ చిప్ ఉంటుంది. చాలావాటిలో దాని మీద 25క్యూ64 అనో 25క్యూ128 అనో కనిపిస్తుంది, అంటే 8 ఎంబీ లేదా 16 ఎంబీ. అప్‌డేట్ నొక్కగానే ముందు కొత్త ఫైలు వైఫై మీద దిగుతుంది. ఈ దశలో రౌటర్ ఆగిపోయినా మామూలుగా నష్టం ఉండదు, మళ్లీ నొక్కితే సరిపోతుంది. దిగిన ఫైలు సరైనదో కాదో చూసుకున్నాక కెమెరా చిప్‌లోని పాత ప్రోగ్రాం చెరిపి కొత్తది రాయడం మొదలుపెడుతుంది. ఈ దశలో కరెంటు పోతే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. కొంచెం మంచి కెమెరాలు పాతదాన్ని ఒక భాగంలో ఉంచుకుని రెండో భాగంలో కొత్తది రాస్తాయి. చౌక రకాల్లో చాలావాటికి చిప్‌లో అంత చోటే లేదు.

కరెంటు పోవడమంటే వీధి మొత్తం చీకటి కావడమే అక్కర్లేదు. ఎక్కువ ఇబ్బంది అడాప్టరు, కేబుల్ దగ్గరే ఉంది. ఇంట్లో పెట్టే కెమెరాలకు ఎక్కువగా 5 వోల్టుల అడాప్టరు వస్తుంది. ప్లగ్గు హాల్లో, కెమెరా గేటు వైపు ఉంటుంది కాబట్టి కంపెనీ ఇచ్చిన కేబుల్ పక్కన పెట్టి మూడు మీటర్ల సన్నటి మొబైల్ కేబుల్ లాగుతారు. అందులో తీగ 28 ఏడబ్ల్యూజీ (తీగ మందం చెప్పే అంకె, అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది) అయితే మీటరుకు సుమారు 0.21 ఓం నిరోధం. పోను మూడు, రాను మూడు కలిపి ఆరు మీటర్లు, అంటే 1.28 ఓం. కెమెరా అర ఆంపియరు లాగితే 0.64 వోల్టు దారిలోనే పోతుంది, కెమెరాకు 4.36 వోల్టులే చేరుతాయి. రాత్రి చీకట్లో చూడటానికి ఐఆర్ లైట్లు వెలిగి, తల తిప్పే మోటారు కూడా తిరిగితే ఇంకా పడిపోతుంది. పగలు బాగానే నడిచి రాత్రిపూట ఆఫ్‌లైన్ చూపించే కెమెరాల్లో మొదట చూడాల్సింది ఇదే. అలాంటి కెమెరాకు ఆటో అప్‌డేట్ తెల్లవారుజామున, ఐఆర్ వెలుగుతుండగా వచ్చిందంటే మధ్యలో రీస్టార్ట్ అయ్యే ప్రమాదం చాలా ఎక్కువ. అదే దూరానికి 24 ఏడబ్ల్యూజీ కేబుల్ వాడితే పోయేది పావు వోల్టే. కేబుల్ మీద సన్నగా అచ్చువేసిన ఈ అంకె చూసి కొనండి. అడాప్టరు మీద 5వి 2ఎ అని ఉండాలి. పాత ఫోను చార్జరు పెట్టి సరిపెట్టొద్దు.

ఇక అసలు పద్ధతి. ఆటో అప్‌డేట్ ఆపేసి, యాప్ చూపించినప్పుడు మీరే పగటిపూట నొక్కండి. గాలిదుమారం లేచే ఎండాకాలం సాయంత్రాలు, లైన్‌మెన్ ఎల్‌సీ (పని కోసం లైనులో కరెంటు ఆపడం) తీసుకున్నారని తెలిసిన పూట వద్దు. అన్నిటికన్నా క్షేమం ఏమిటంటే, అప్‌డేట్‌కు ముందే కెమెరాను నిండుగా చార్జి చేసిన 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకుకు పొట్టి కేబుల్‌తో కలపడం. కెమెరా ఒకసారి రీస్టార్ట్ అయి మళ్లీ ఆన్‌లైన్ చూపించాకే అప్‌డేట్ నొక్కాలి. ఆ పవర్ బ్యాంకును అదే సమయంలో చార్జింగుకు పెట్టొద్దు. చాలా పవర్ బ్యాంకులు ప్లగ్గు పెట్టినప్పుడు, తీసినప్పుడు ఒక్క క్షణం సప్లయి కోస్తాయి. ఈ దారి 5 వోల్టుల కెమెరాలకే. 12 వోల్టుల బయటి కెమెరా అయితే రౌటర్లకు వాడే 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టండి, కెమెరా ఎన్ని ఆంపియర్లు అడుగుతుందో ముందు చూసుకోండి. ఇన్వర్టర్ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. మామూలు మోడ్‌లో కరెంటు నుంచి బ్యాటరీకి మారే ఆ కొద్ది ఆలస్యానికే కొన్ని కెమెరాలు రీస్టార్ట్ అవుతాయి. ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ అని స్విచ్ ఉంటే అటు తిప్పండి.

ఈ కెమెరాల్లో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే పడుతుంది. యాప్‌లో సిగ్నల్ అంకె చూపిస్తే మైనస్ 65 దరిదాపుల్లో ఉండాలి. మైనస్ 75 దాటి మైనస్ 80 వైపు పోతే కెమెరాను రౌటర్ పక్కకు తెచ్చి అప్‌డేట్ కొట్టి, మళ్లీ బిగించండి. రాతిగోడల ఇళ్లలో ఈ కష్టం తప్పదు.

పిల్లలు హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉండి కెమెరా వాళ్ల ఫోనులో ఉన్న ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. అప్‌డేట్ కబురు వాళ్లకే పోతుంది. దయచేసి ఇంటికి ఒక ఫోను చేసి, కరెంటు ఉందా, ఎవరైనా ప్లగ్గు దగ్గర ఉన్నారా అని అడిగాకే నొక్కండి. ఇంట్లో వాళ్లకూ ఒక మాట చెప్పండి: లైటు రంగు మారి మిణుకుతుంది, కెమెరా ఆగినట్టు కనిపిస్తుంది, తర్వాత తల ఒక చివర నుంచి ఇంకో చివరకు పూర్తిగా తిప్పి మధ్యలోకి వస్తుంది. ఇదంతా మామూలే. ఏదో అయిపోయిందని కంగారుపడి ప్లగ్గు పీకేది సరిగ్గా అప్పుడే. పావుగంట దాకా ముట్టుకోవద్దు.

బాయికాడ మోటారు, స్టార్టరు, బత్తాయి తోట కోసం పెట్టుకున్న 4జీ సోలార్ కెమెరాల సంగతి కొంచెం వేరు. వీటిలో బ్యాటరీ ఉంటుంది కాబట్టి కరెంటు కోత భయం లేదు, కానీ బ్యాటరీ తక్కువుంటే చాలావరకు యాప్ అప్‌డేట్‌కు ఒప్పుకోదు. ప్యానెల్ మీది దుమ్ము తుడిచి, మధ్యాహ్నం ఎండలో, సిమ్‌లో ఆ రోజు డేటా మిగిలి ఉన్నప్పుడు చేయండి. ముసురు పట్టిన రోజుల్లో వద్దు.

అప్‌డేట్ బాగా అయిందన్నాక కూడా పని పూర్తయినట్టు కాదు. కొన్ని కెమెరాల్లో సెట్టింగులు ఫ్యాక్టరీలో ఉన్నట్టు మారిపోతాయి. మొదట టైం చూడండి. చైనా టైముకు మారితే మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. రాత్రి 1:40కి జరిగిన దొంగతనం వీడియోలో 4:10 అని పడుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఆ వీడియోను సర్టిఫికెట్‌తో కోర్టులో పెట్టాల్సి వచ్చినప్పుడు టైం తేడా పెద్ద చిక్కు తెస్తుంది. తర్వాత రికార్డింగ్ నిజంగా సాగుతున్నదా అని పది నిమిషాల పాత వీడియో తెరిచి చూడండి. లైవ్ కనిపించినంత మాత్రాన కార్డులోకి ఎక్కుతున్నట్టు కాదు. మెమరీ కార్డును ఫార్మాట్ చేయమని అడిగితే వెంటనే ఒప్పుకోవద్దు. కార్డు తీసి కంప్యూటర్‌లో పెట్టి, ఉన్న వీడియోలు దించుకున్నాకే ఫార్మాట్. ఎన్‌వీఆర్‌కు (నెట్‌వర్క్ మీద కెమెరాల వీడియో రికార్డు చేసే డబ్బాకు) కలిపిన కెమెరా అయితే, రెండింటినీ కలిపే ఆన్విఫ్ అనే సెట్టింగు ఆఫ్ అయిందేమో, ఐపీ అడ్రస్ మారిందేమో చూడండి. యాప్‌లో అంతా బాగున్నా ఎన్‌వీఆర్‌లో రోజుల తరబడి ఖాళీ తెర రికార్డవుతుంది.

చచ్చిపోయిందనుకున్న కెమెరాల్లో కొన్ని లేస్తాయి. బూట్‌లోడర్ (కెమెరా ఆన్ కాగానే ముందు నడిచే చిన్న ప్రోగ్రాం) బాగుండి, కంపెనీ ఫైలు ఇస్తే 32 జీబీ లోపు కార్డును ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసి, ఫైలును ఏ ఫోల్డర్‌లోనూ కాకుండా నేరుగా కార్డులో వేయాలి. పేరు కంపెనీ చెప్పినట్టే ఉండాలి, ఒక్క అక్షరం తేడా వచ్చినా కెమెరా దాన్ని చూడదు. కెమెరా అడుగున స్టిక్కర్ మీద మోడల్ నంబరు పక్కన వి1, వి2, వి3 అని ఉంటుంది. ఒకే పేరు కదా అని వి1 ఫైలు వి3కి ఎక్కిస్తే బాగుపడే కెమెరా కూడా పోతుంది. ఇంకొక కెమెరా చిప్ కాపీ చేసి ఎక్కిస్తామనే వాళ్లకు ఇవ్వొద్దు. ప్రతి చిప్‌లో ఆ కెమెరా సొంత మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని గుర్తింపు నంబరు), ఐడీ ఉంటాయి. కాపీ చేస్తే రెండింటికీ ఒకే ఐడీ పడి, రెండూ సరిగా కలవవు.

వాట్సాప్‌లో కెమెరా అప్‌డేట్ పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్లు (ఫోనులో యాప్ ఎక్కించే ఫైళ్లు) తెరవొద్దు. ఏ కంపెనీ ఫర్మ్‌వేర్ కూడా అలా రాదు. తెరిచి డబ్బు పోగొట్టుకుంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

మాతోటి టెక్నీషియన్లకు ఒక విన్నపం. కెమెరాను మన ఫోను నంబరు మీద రిజిస్టర్ చేసి ఓనరుకు షేర్ మాత్రమే ఇచ్చే అలవాటు మానుకుందాం. ఓనరుకు అప్‌డేట్ కబురే రాదు, ఆయన ఇల్లు మన ఫోనులో కనిపిస్తూ ఉంటుంది. ఇది పెద్ద తప్పు.

సీసీ కెమెరాల భద్రతపై కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ 2024 ఏప్రిల్‌లో తెచ్చిన నిబంధనలు 2025 ఏప్రిల్ 9 నుంచి అమలవుతున్నాయి. కంపెనీ డిజిటల్ సంతకం ఉన్న ఫర్మ్‌వేర్‌నే కెమెరా ఒప్పుకోవాలని, కంతలున్న పాత వెర్షన్‌కు వెనక్కి పోనివ్వకూడదని అవి చెప్తున్నాయి. మంచి నిబంధనలే. కానీ మన పట్టణాల మడిగెల్లో పేరూ ఊరూ లేని పాత సరుకు ఇంకా అమ్ముడవుతున్నది. డబ్బా మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే బీఐఎస్ నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి చూసి కొనండి.

కంపెనీలను మేం అడిగేది రెండే. ఈ మోడల్‌కు ఏ సంవత్సరం దాకా అప్‌డేట్లు ఇస్తారో డబ్బా మీద అచ్చువేయండి. ప్రతి మోడల్‌కూ కార్డుతో ఎక్కించుకునే ఫైలును మీ వెబ్‌సైటులో పెట్టండి. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో హైదరాబాద్ సర్వీస్ సెంటరుకు పోతే, సాఫ్ట్‌వేర్ లోపం వారంటీలోకి రాదని తిప్పి పంపడం అన్యాయం. వారంటీలో ఉన్న కెమెరాకు కంపెనీ పంపిన అప్‌డేట్ కొట్టి అది ఆగిపోతే బాగుచేసి ఇవ్వాల్సింది కంపెనీయే. కొన్నవాళ్లు బిల్లు, అప్‌డేట్‌కు ముందూ వెనకా వెర్షన్ చూపించే స్క్రీన్‌షాట్లు దాచుకుని 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల రూపాయల లోపు వస్తువుకు ఫీజు కూడా ఉండదు.

ఇట్లు,
సీసీ కెమెరా టెక్నీషియన్లు,
నల్లగొండ