మెదడు టీబీ రిపోర్టు కోసం ఆగదు: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

టీబీ పోస్టర్ ఏది చూసినా దగ్గుతున్న మనిషి బొమ్మే ఉంటుంది. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించుకోండి అని రాసి ఉంటుంది. మంచి మాటే. కానీ నేను నర్సుగా పనిచేసే న్యూరాలజీ వార్డుకు వచ్చే టీబీ రోగుల్లో చాలామందికి దగ్గే ఉండదు. తలనొప్పి ఉంటుంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతుంది. జబ్బు ఊపిరితిత్తుల్లో కాదు, మెదడులో ముదురుతూ ఉంటుంది. టీబీ వచ్చిన వాళ్ళలో నూటికి ఒకరి నుంచి ఐదుగురి దాకా ఇలా మెదడుకు పాకుతుంది. లెక్క చిన్నదే, కానీ టీబీ రకాలన్నిటిలో ప్రాణం తీయడంలో, అవిటితనం మిగల్చడంలో దీనిదే మొదటి స్థానం.

ఇది మొదలయ్యే తీరే అందరినీ మోసం చేస్తుంది. మామూలు బాక్టీరియా మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) ఒకటి రెండు రోజుల్లో మనిషిని పడగొట్టేస్తుంది కాబట్టి ఎవరూ ఆలస్యం చేయరు. మెదడు టీబీ అలా కాదు. రెండు మూడు వారాలు నాన్చుతుంది. సన్నటి జ్వరం, తగ్గీ తగ్గని తలనొప్పి, తిండి సయించకపోవడం, అప్పుడో వాంతి ఇప్పుడో వాంతి. "పిల్ల ఆటలు మానేసిందండీ, ఎప్పుడు చూసినా పడుకునే ఉంటోంది" అని తల్లి చెబుతుంది. కేస్ షీటులో మాత్రం జ్వరం, వాంతులు అని మాత్రమే ఎక్కుతుంది. నన్నడిగితే ఆ తల్లి చెప్పిన మాటే అన్నిటికంటే ముందు రాయాలి. పెద్దవాళ్ళలోనైతే మతిమరుపు, పొంతన లేని మాటలు, ఊరికే కోపం. అది మానసిక సమస్య అనుకుని ఇంకో డాక్టర్ దగ్గరికి పంపుతారు. మెడ బిగుసుకుపోయి, కన్ను మెల్ల పడి, ఒకటి రెండుగా కనబడి, ఫిట్స్ వచ్చి, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయాక అందరికీ అనుమానం వస్తుంది. ఈలోగా పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

లోపల జరిగేది ఇది. ఊపిరితిత్తుల్లోకి చేరిన క్రిమి రక్తంలో కలిసి మెదడు దాకా వెళ్ళి, ఒక చిన్న గడ్డలా చాలాకాలం చప్పుడు చేయకుండా ఉంటుంది. అది పగిలి మెదడు చుట్టూ ఉండే నీటిలోకి క్రిములను వదిలిందంటే మెదడు పొరలు వాస్తాయి. మెదడు అడుగు భాగాన చిక్కటి జిగురు పేరుకుంటుంది. అది నీరు పారే దారిని మూసేస్తే తలలో ఒత్తిడి పెరుగుతుంది, రక్తనాళాలను నొక్కేస్తే పక్షవాతం వస్తుంది, కంటి నరాలను పట్టుకుంటే చూపు దెబ్బతింటుంది. గడ్డ పగలకుండా అలాగే పెరిగితే దాన్ని ట్యుబర్‌క్యులోమా అంటారు. అది చాలాసార్లు ఫిట్స్‌తోనే బయటపడుతుంది.

పరీక్షల్లో కీలకమైనది నడుము నుంచి నీరు తీయడం. మెదడు చుట్టూ ఉండే ఆ నీరే వెన్నులోకీ దిగుతుంది కాబట్టి అక్కడి నుంచి తీస్తాం. ఈ మాట చెప్పగానే ఇంటివాళ్ళకు టెన్షన్ మొదలవుతుంది. నడుం పడిపోతుందని, ఉన్న నీరంతా లాగేస్తారని. నిజానికి పెద్దవాళ్ళలో ఈ నీరు సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది, రోజుకు 500 మిల్లీలీటర్ల దాకా కొత్తగా తయారవుతుంది. మేము తీసిన కాస్త నీరు అరగంటలోపే మళ్ళీ ఊరుతుంది. సూది గుచ్చేది కూడా వెన్నుపాము ముగిసిన చోటుకు దిగువనే. (స్పృహ బాగా తగ్గిన వాళ్ళకూ, తలలో ఒత్తిడి పెరిగిందన్న అనుమానం ఉన్నవాళ్ళకూ ముందు స్కాన్ చూస్తారు.) ఈ నాలుగు ముక్కలు రోగి బంధువులకు అర్థమయ్యేలా చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు ఎవరికీ దొరకవు. దాంతో వాళ్ళు సంతకం పెట్టకుండా రోగిని తీసుకెళ్ళిపోతారు.

నీరు తీశాక ఇంకో తిరకాసు ఉంది. క్రిములు ఆ నీటిలో చాలా తక్కువగా ఉంటాయి. అందుకే టీబీ పరీక్ష కోసం పెద్దవాళ్ళ నుంచి కనీసం 6 మిల్లీలీటర్లు తీయాలని నిపుణులు చెబుతారు. మా దగ్గర జరిగేది వేరు. ఓ పది చుక్కలు సీసాలో పడగానే సూది బయటికి వస్తుంది. అందులో కొంత కణాల లెక్కకు, కొంత ప్రొటీనుకూ గ్లూకోజుకూ, కొంత క్రిములను పెంచి చూసే కల్చర్‌కు పోతే, టీబీ జన్యు పరీక్షకు సీసా అడుగున తడి మిగులుతుంది. ఆ తడిలో ఏమీ దొరక్కపోతే నెగెటివ్ అని రిపోర్టు వస్తుంది. అదే సమయంలో రక్తంలో గ్లూకోజు కూడా చూడాలి, లేకపోతే నీటిలో గ్లూకోజు పడిపోయిందో లేదో పోల్చుకోవడానికి ఆధారం ఉండదు. అదీ తరచుగా మర్చిపోతారు.

2017 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తున్న ఎక్స్‌పర్ట్ అల్ట్రా అనే జన్యు పరీక్ష గంటల్లోనే ఫలితం ఇస్తుంది, మందులకు లొంగని రకమేమో కూడా సూచిస్తుంది. కానీ అది కూడా నెగెటివ్ వచ్చినంత మాత్రాన మెదడు టీబీ లేదని చెప్పలేం. కల్చర్‌కు వారాలు పడుతుంది. మంత్రి గారూ, నేను ఈ లేఖ రాస్తున్నది ప్రధానంగా దీని గురించే. లక్షణాలు, నీటిలో లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు, పెరిగిన ప్రొటీను, తగ్గిన గ్లూకోజు, స్కాన్‌లో మెదడు అడుగున వాపు, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండటం, ఇవన్నీ ఒకవైపే చూపిస్తున్నప్పుడు డాక్టర్ అదే రోజు మందు మొదలుపెట్టాలి. మనిషి స్పృహలో ఉండగా మందు పడితే ఎక్కువమంది బతుకుతారు. కోమాలోకి వెళ్ళాక వస్తే సగం మంది దాకా దక్కరు. అయినా "కన్ఫర్మ్ కాలేదు కదా" అంటూ ఆగడం నేను చాలాసార్లు చూశాను. ఆ డాక్టర్లను తప్పుపట్టను. రుజువు లేకుండా టీబీ మందు ఎందుకు ఇచ్చావని రేపు అడిగితే వాళ్ళ వెనక నిలబడే కాగితం ఒక్కటీ లేదు.

చికిత్స ఉంది, పనిచేస్తుంది. 1940లలో స్ట్రెప్టోమైసిన్ రాకముందు ఈ జబ్బు వచ్చినవాళ్ళు దాదాపు అందరూ చనిపోయేవారు. ఇప్పుడు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్ రెండు నెలలు, ఆ తర్వాత ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ పది నెలలు. పిల్లలకు ఎంపిక చేసిన కేసుల్లో ఆరు నెలల గట్టి కోర్సు ఒకటి 2022 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లో ఉంది. మొదట్లో వాపు తగ్గడానికి స్టెరాయిడ్లు ఇచ్చి, వారాల మీద మెల్లగా తగ్గిస్తారు. 2004లో వెలువడిన వియత్నాం అధ్యయనంలో 545 మందిని చూస్తే, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చిన వాళ్ళలో మరణాలు 41 శాతం నుంచి 32 శాతానికి తగ్గాయి. అవిటితనం మాత్రం తగ్గలేదు. తలలో నీరు నిలిస్తే దాన్ని గొట్టం ద్వారా బయటికి మళ్ళించే షంట్ ఆపరేషన్ కావాలి.

పెద్దవాళ్ళకు ఇది పన్నెండు నెలల కోర్సు అన్న సంగతి మందులిచ్చే కౌంటర్‌కు తెలియదు. ఊపిరితిత్తుల టీబీకి ఆరు నెలలు కాబట్టి, ఆరో నెల చివర "మీ కోర్సు అయిపోయింది" అని కార్డు మూసేసిన రోగి మళ్ళీ మా వార్డుకే వచ్చాడు. మధ్యలో గడ్డ పెరిగినట్టు స్కాన్‌లో కనిపించినా కంగారు పడి మందు ఆపేవాళ్ళున్నారు. మందు పనిచేస్తున్నప్పుడు కూడా కొంతకాలం అలా పెరగొచ్చు. అలాంటప్పుడు డాక్టర్‌ను అడగాలే తప్ప సొంతంగా మానకూడదు. ఈ మందుల దుష్ప్రభావం వల్ల కళ్ళు పచ్చబడినా, రంగులు సరిగ్గా కనబడకపోయినా అంతే, వెంటనే చూపించాలి.

మీ సంతకంతో ఒక పేజీ ఉత్తర్వు కావాలి. వారం దాటిన జ్వరం, తలనొప్పితో వచ్చిన వాళ్ళలో మెదడు టీబీని అనుమానించాలని, నడుము నీరు ఎంత తీయాలో, ఏ పరీక్షకు ఎంత పంపాలో, బలమైన అనుమానం ఉంటే రిపోర్టు రాకముందే మందు మొదలుపెట్టవచ్చని, పన్నెండు నెలల కోర్సులో ఉన్నవాళ్ళకు అది పూర్తయ్యేదాకా కార్డు మూయకూడదని అందులో ఉండాలి. రోగి ఇంట్లో ఐదేళ్ళలోపు పిల్లలుంటే వాళ్ళను పరీక్షించి, జబ్బు లేకపోతే నివారణ మందు ఇవ్వాలని కూడా రాయండి. పుట్టగానే వేసే బీసీజీ టీకా పసిపిల్లలకు ఈ రకం టీబీ నుంచి చాలావరకు రక్షణ ఇస్తుంది, దాని సరఫరా ఆగకుండా చూడండి. ఇక ఫిజియోథెరపీ కూడా ఆ ఉత్తర్వులో ఉండాలి. బతికిన పిల్లల్లో సగానికి పైగా మాటలోనో, నడకలోనో, చదువులోనో ఏదో లోపంతో ఇంటికి వెళ్తారు. టీబీ లెక్కల్లో మాత్రం వాళ్ళు "చికిత్స విజయవంతం" కిందే నమోదవుతారు.

ఆ ఉత్తర్వు రాసే కమిటీలో పెద్ద డాక్టర్లతో పాటు ఒక వార్డు నర్సును, మందులిచ్చే కౌంటర్ దగ్గర పనిచేసే ఒక ఫార్మసిస్టును కూర్చోబెట్టండి. సీసాలో నీరు ఎక్కడ చాలకుండా పోతుందో, ఏడో నెల మందు ఏ కిటికీ దగ్గర ఆగిపోతుందో వాళ్ళు చెబుతారు.

ఇట్లు,
న్యూరాలజీ వార్డులో పనిచేసే ఒక నర్సు