వార్షిక నివేదిక 2024: ఈ ఏటి పాప్ సింగిల్స్ ఎంపిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

2024లో సంఘం చేపట్టిన పనుల్లో పెద్దది సింగిల్స్ ఎంపికే కాబట్టి ఈ నివేదికలో ఎక్కువ భాగం దానికే కేటాయించాం. చందాలు, హాలు అద్దె, రికార్డుల లైబ్రరీ లెక్కలు కోశాధికారి పత్రంలో విడిగా ఉన్నాయి.

ముందుగా అర్హత సంగతి. ఏటా తగాదా మొదలయ్యేది ఇక్కడే. పాట సింగిల్‌గా, అంటే విడిగా ఒక్క పాటగా, బయటికొచ్చిన తేదీ జనవరి 1కీ డిసెంబరు 31కీ మధ్య ఉండాలి, అంతే. టెడ్డీ స్విమ్స్ పాడిన 'లూజ్ కంట్రోల్' అమెరికా పాటల చార్టులు వేసే బిల్‌బోర్డ్ పత్రిక 2024 వార్షిక పట్టికలో మొదటి స్థానంలో ఉంది, మనం మాత్రం తీసుకోలేదు. అది 2023లో వచ్చిన పాట. చార్టులు ఆ ఏడాది ఎంత విన్నారో లెక్కగడతాయి, మనం ఎప్పుడు పుట్టిందో చూస్తాం. ఇదే కారణంతో 'కుర్చీ మడతపెట్టి' కూడా తప్పుకుంది. సినిమా 2024 సంక్రాంతికి వచ్చినా పాట 2023 డిసెంబరులోనే జనంలోకి వచ్చేసింది. బిల్లీ ఐలిష్ 'బర్డ్స్ ఆఫ్ ఎ ఫెదర్' మే 17న ఆల్బమ్‌లో వచ్చి, జూలైలో సింగిల్ అయింది. రెండూ ఒకే ఏడాది గనుక పేచీ లేదు.

వెర్షన్ల విషయంలో ఒక్కటే పట్టింపు: సింగిల్‌గా విడుదలైనదే వినాలి. వేగం పెంచిన కాపీలు, రీల్స్ కోసం కత్తిరించిన ముక్కలు చెల్లవు. చార్లీ ఎక్స్‌సీఎక్స్ 'గెస్' మాత్రం బిల్లీ ఐలిష్‌తో కలిసి ఆగస్టు 1న వచ్చిన రీమిక్సే సింగిల్ కాబట్టి దాన్నే తీసుకున్నాం. బూతు మాటలు తీసేసిన వెర్షన్ వద్దన్నాం. కెండ్రిక్ లామార్ 'నాట్ లైక్ అస్'లో మాట తీసేసిన ప్రతిచోటా తాళంలో గుంట పడుతుంది. పిల్లలతో వచ్చేవారికి ఆ సంగతి ముందే చెప్పాలి.

ఇక శబ్దం. రెండు పాటల్లో ఒకటి ఒక్క డెసిబెల్ ఎక్కువగా మోగితే చాలు, వినేవాళ్లకి అదే 'బాగుంది' అనిపిస్తుంది, గట్టిగా మోగుతోందని తోచదు. అందుకే ఓటింగుకి ముందు ప్రతి ఫైలునీ ఫూబార్ 2000 అనే ప్లేయర్‌లో రీప్లేగెయిన్ స్కాన్ (పాట ఎంత గట్టిగా మోగుతుందో కొలిచే పని) చేసి, -18 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తోచే గట్టితనాన్ని కొలిచే యూనిట్) మట్టానికి తెచ్చాం. ఇప్పటి పాప్ పాటలు చాలావరకు అంతకంటే బాగా గట్టిగానే ఉంటాయి కాబట్టి అన్నిటినీ తగ్గించడమే జరుగుతుంది, ఏదీ పెంచాల్సిన పని పడదు. పెంచితే శిఖరాలు తెగి శబ్దం గరగరమంటుంది. స్కాన్‌లో 'ట్రాక్ గెయిన్' ఎంచుకోవాలి. 'ఆల్బమ్ గెయిన్' పెడితే ఒకే ఆల్బమ్ పాటలన్నిటికీ ఒకే తగ్గింపు పడి, సింగిల్స్ మధ్య తేడా అలాగే మిగిలిపోతుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఆడియో ప్రోగ్రాము వాడేవారికో మాట: అందులో శబ్దం సమం చేసే లౌడ్‌నార్మ్‌ని ఒక్క విడతలో నడిపితే పాటలోని ఎత్తుపల్లాలనే చదును చేస్తుంది. మొదటి విడత కొలవడానికి, రెండో విడత ఆ కొలతల్ని ఇచ్చి లీనియర్ పద్ధతిలో (పాట మొత్తాన్నీ ఒకే మోతాదులో మార్చేలా) నడపడానికి.

సమం చేసినా ఒక చిక్కు మిగులుతుంది. ఈ కొలతలో సగటు కంటే 10 యూనిట్లకు మించి మెత్తగా ఉన్న భాగాలు లెక్కలోకి రావు. అందువల్ల మట్టం గట్టి భాగాలను బట్టే పడుతుంది, బెన్సన్ బూన్ 'బ్యూటిఫుల్ థింగ్స్' లాంటి పాటలో చరణం గుసగుసలా ఉండి, పల్లవి ఒక్కసారిగా మీద పడుతుంది. చరణం వినపడలేదని ఎవరైనా వాల్యూమ్ పెంచితే పల్లవి దగ్గర చెవులు పగులుతాయి. ఆంప్లిఫయర్ దగ్గర ఒక్కరే కూర్చోవాలి, పాట మధ్యలో నాబ్ ముట్టుకోకూడదు. స్ట్రీమింగ్ యాప్‌లో వినిపించేటప్పుడు క్రాస్‌ఫేడ్ (ఒక పాట ముగియకముందే తర్వాతిది కలిసిపోయే అమరిక) ఆపేయడం తప్పనిసరి. అది ఎందుకో మొదటి స్థానం గురించి చెప్పేటప్పుడు తెలుస్తుంది.

వరుస కూడా ఫలితాన్ని మారుస్తుంది. సబ్రీనా కార్పెంటర్ 'ఎస్ప్రెస్సో' వేగం 104 బీపీఎం (నిమిషానికి పడే తాళపు దెబ్బలు), 'బర్డ్స్ ఆఫ్ ఎ ఫెదర్' 105. పక్కపక్కన వేస్తే రెండోది మొదటిదానికి సాగతీతలా వినిపించి నష్టపోతుంది. వీటి మధ్య తిశ్ర నడక (మూడు మూడుగా సాగే తాళం) పాట ఒకటి పెట్టాలి. లేడీ గాగా, బ్రూనో మార్స్‌ల 'డై విత్ ఎ స్మైల్' అందుకు సరిగ్గా సరిపోయింది. మొదట వేసిన పాటకి మార్కులు తక్కువ పడటం ఎప్పుడూ ఉన్నదే. పోటీలో లేని పాటొకటి ముందు వినిపించి, చెవులు కుదురుకున్నాక అసలు జాబితా మొదలుపెట్టాలి.

ఓటింగులో ఒక్కొక్కరు ఐదు పాటలు వరుసగా రాయాలి. 5, 4, 3, 2, 1 పాయింట్లు. ఒక్క పేరే రాసి మిగతావి ఖాళీ వదిలితే ఆ బ్యాలెట్ చెల్లదు. ఇష్టమైన పాటకి పోటీ రాకుండా చూసుకునే తెలివి అది. పాయింట్లు సమానమైతే ఎక్కువ బ్యాలెట్లలో కనిపించిన పాట ముందుంటుంది.

ఫలితం: 1. చాపెల్ రోన్ 'గుడ్ లక్, బేబ్!' 2. బర్డ్స్ ఆఫ్ ఎ ఫెదర్ 3. ఎస్ప్రెస్సో 4. నాట్ లైక్ అస్ 5. రోజే, బ్రూనో మార్స్‌ల 'ఆపట్'.

మొదటి స్థానం గురించి వివరంగా చెప్పాలి. ఏప్రిల్ 5న వచ్చిన ఈ పాటకి నిర్మాత డాన్ నైగ్రో. పల్లవి ఆకట్టుకుంటుంది, సరే, అది మిగతా నాలుగింటికీ ఉంది. ఈ పాట గెలిచింది చివర్లో. బ్రిడ్జ్‌లో, అంటే చివరి పల్లవికి ముందు వచ్చే వేరే వరుసలో, గొంతు పైస్థాయికి వెళ్లి విరుచుకుపడ్డాక, ముగింపులో వేగం, శ్రుతి రెండూ కలిసి కిందికి జారుతాయి. టేపు రికార్డర్‌లో బ్యాటరీ అయిపోతున్నట్టు పాట కుంగిపోతుంది. ఎదుటి మనిషిని 'మనసు దాచుకుని ఎన్నాళ్లు నెట్టుకొస్తావో చూస్తా' అని దెప్పిన పాట అలా ముగియడం ఎంత తగినదో చెప్పక్కర్లేదు. క్రాస్‌ఫేడ్ ఆన్‌లో ఉంటే తర్వాతి పాట వచ్చి సరిగ్గా ఈ ముక్కనే మింగేస్తుంది. పదిహేను సెకన్ల రీల్‌లో మాత్రమే విన్నవాళ్లకి ఈ పాట సగమే తెలుసు.

'ఎస్ప్రెస్సో'లో స్ప్లైస్ అనే ఆన్‌లైన్ లైబ్రరీ నుంచి తీసుకున్న రెడీమేడ్ లూపులు (మళ్లీ మళ్లీ మోగే సంగీతపు ముక్కలు) ఉన్నాయని కొందరు మార్కులు తగ్గించాలన్నారు. కార్యవర్గం ఒప్పుకోలేదు. ఆ లూపులు ఎవరైనా కొనుక్కోవచ్చు, ఆ పాట మాత్రం ఒక్కటే వచ్చింది. 'ఆపట్' కొరియన్ మందు పార్టీల్లో చేతులు ఒకదానిమీద ఒకటి పేర్చి ఆడే ఆట కేకనే పల్లవి చేసుకుంది. అక్టోబరు 18న వచ్చినా ఐదో స్థానం తెచ్చుకుందంటే దాని ఊపు అలాంటిది. షబూజీ 'ఎ బార్ సాంగ్' 19 వారాలు బిల్‌బోర్డ్ వారపు చార్టు హాట్ 100 శిఖరాన కూర్చుని, 2019 నాటి 'ఓల్డ్ టౌన్ రోడ్' రికార్డును సమం చేసింది, మన దగ్గర మాత్రం మొదటి ఐదింట్లోకి రాలేదు. రియానన్ గిడెన్స్ బాంజో వాయించిన బియాన్సే 'టెక్సాస్ హోల్డ్ ఎమ్' కూడా అంతే. ఇది మాత్రం అన్యాయమే అనిపించింది.

తెలుగు సింగిల్స్‌ని వేరే విభాగంగా ఉంచాం. మన దగ్గర పాట సింగిల్‌గా రావడమంటే సినిమాకి ముందు వచ్చే లిరికల్ వీడియోనే. అందుకే ఆ తేదీనే లెక్క. 'చుట్టమల్లే' ఆగస్టు 5న వచ్చింది, 'దేవర' సెప్టెంబరు 27న. అనిరుధ్ సంగీతం, రామజోగయ్య శాస్త్రి సాహిత్యం, శిల్పారావు గొంతు. పాదం చివర వచ్చే ఆ 'ఆ' అన్న కేకని హాల్లో అందరూ అందుకున్నాక ఓటింగు లాంఛనమే. రెండోది 'పుష్ప 2'లోని 'సూసేకి'. శ్రేయా ఘోషాల్ ఆరు భాషల్లోనూ తానే పాడింది. ఆరింటినీ ఒకే ఎంట్రీగా పరిగణించాం, వినిపించింది తెలుగుది.

2025కి కార్యవర్గం ప్రతిపాదిస్తున్నవి రెండు. నవంబరు, డిసెంబరు పాటలకి వినే గడువు చాలడం లేదు కాబట్టి ఓటింగును జనవరి మూడో ఆదివారానికి జరపాలి. బ్లూటూత్ స్పీకర్‌తో నడిపిన సభల్లో మధ్యలో ఫోన్లు మోగి పాట తెగిపోయింది కాబట్టి ఇకపై తీగతో కలిపిన స్పీకర్లే వాడాలి. రెండింటి మీదా సర్వసభ్య సమావేశంలో చేతులెత్తి ఓటు వేయాలి. సవరణలు ఉంటే సమావేశానికి వారం ముందే కార్యదర్శికి రాసి ఇవ్వండి.